పాతరలో ధాన్యం, పాతరలో ద్రాక్ష

మా ఊరు శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉంది. నా చిన్నతనంలో నూర్పిళ్ళు అయ్యాక ధాన్యాన్ని ఇంటి ముందున్న పాతరలో పోసేవారు. నిలువెత్తు గోతిలో అడుగునా చుట్టూ వరిగడ్డి దట్టంగా పరిచి, ధాన్యం నింపి, పైన మళ్ళీ గడ్డి కప్పి, మట్టి గుట్టగా పోసి పేడతో అలికేవారు. ఆ అలుకు మీదే మేము ఆడుకునేవాళ్ళం. పాతర తీసే రోజున మా తాత ముందుగా మూత తెరిచి ఒక పూట అలాగే వదిలేసి, తర్వాత తాడు కట్టిన లాంతరును లోపలికి దించేవాడు. "దీపం నిలిచేదాకా మనిషి దిగకూడదు బాబూ" అనేవాడు. ఒక తుఫాను ఏడాది పాతరలోకి నీరు దిగింది. తెరవగానే వెచ్చటి ఆవిరితో పాటు పుల్లటి వాసన ముఖానికి కొట్టింది, లాంతరు సగంలోనే ఆరిపోయింది. ఆ గింజలు పశువులకు కూడా పనికిరాలేదు.

నేలలోంచి వచ్చే అటువంటి పులుపు వాసనను నేను మళ్ళీ చూసింది జార్జియా దేశంలో. మా మేనల్లుడు తిబిలిసిలో వైద్యం చదువుతున్నాడు. నిరుడు అక్టోబరులో వాడిని చూడటానికి వెళ్ళినప్పుడు, దేశానికి తూర్పున ఉన్న కహేతి ప్రాంతంలో, తెలవి పట్టణం దగ్గరి ఒక పల్లెకు తీసుకువెళ్ళాడు. అక్కడ ఒక రైతు ఇంట్లో ద్రాక్షతో వైన్ చేసే మరాని అనే గది ఉంది. ఆ గదిలో పీపాలు, గోలేలు ఏమీ కనిపించలేదు. నేలకు సమంగా గుండ్రటి మూతులు మాత్రమే ఉన్నాయి. ఒక్కొక్క మూతి కింద మెడ దాకా పాతిపెట్టిన పెద్ద మట్టి కాగు ఉంది. దానిని క్వెవ్రి అంటారు. వంద లీటర్ల లోపువి మొదలుకొని మూడు వేల లీటర్లు దాటినవి వరకూ ఉంటాయట. పిడులు ఉండవు, ఎందుకంటే ఒకసారి పాతిన క్వెవ్రిని మళ్ళీ కదిలించే పని ఉండదు.

అందులో తయారయ్యే వైన్‌ను తెలుగులో ద్రాక్షసారా అనడం నాకు సమ్మతం కాదు. సారా అంటే బట్టీ పెట్టి, ఆవిరిని చల్లార్చి దించేది. వైన్ పులిసి తయారయ్యేది, అంటే మన తాటికల్లు, జీలుగు కల్లు వంశానికి చెందినది. సారా అక్కడా ఉంది. వైన్ తీసేశాక మిగిలిన పిప్పిని కాచి దించుతారు. ఆ పిప్పినీ ఆ సారానూ రెండింటినీ చాచా అనే పిలుస్తారు.

తెల్ల ద్రాక్షతో మామూలుగా వైన్ చేసేవారు రసాన్ని పిండి, తొక్కలను వెంటనే వేరు చేసేస్తారు. కహేతి రైతు అలా చేయడు. ర్కత్సితెలి వంటి తెల్ల ద్రాక్షను పొడవాటి చెక్క తొట్టిలో కాళ్ళతో తొక్కి, రసాన్నీ తొక్కలనూ గింజలనూ, బాగా పండిన కాడలనూ కలిపి క్వెవ్రిలోకి దించుతాడు. బయటి నుంచి ఈస్టు కలపడు. ద్రాక్షతో వచ్చినదీ మరానిలో ఉన్నదీ చాలు. రెండు మూడు రోజుల్లో అది పొంగడం మొదలుపెడుతుంది. లేచిన బుడగలు తొక్కలను పైకి తోసి మందపాటి తెట్టు కట్టిస్తాయి. ఆ తెట్టు ఎండకుండా రోజుకు నాలుగైదు సార్లు పొడవాటి కర్రతో లోపలికి తొక్కుతూ ఉండాలి. నా చేతికీ కర్ర ఇచ్చారు. తెట్టు గట్టిగా ఎదురొచ్చి, ఒక్కసారిగా దిగిపోయి, కింది నుంచి బుసబుసమని నురగ లేచింది. పొంగు తగ్గి తొక్కలు అడుక్కి చేరాక క్వెవ్రిని అంచు దాకా నింపి, మూత పెట్టి, బంకమట్టితో మూసి, వసంతం దాకా ముట్టుకోరు. ఐదారు నెలలు వైన్ తన తొక్కల మీదే ఉంటుంది.

పశ్చిమాన ఉన్న ఇమెరెతి ప్రాంతంలో ఇదే కాగును చురి అంటారు. అక్కడ తొక్కలు కొద్దిగా మాత్రమే వేస్తారు కనుక వైన్ రంగు కూడా పలచగా ఉంటుంది.

ఇంత చేసినా అది చెడిపోకపోవడానికి సగం కారణం నేల, సగం కారణం కాగు ఆకారం అని నేను అర్థం చేసుకున్నాను. పులిసేటప్పుడు పుట్టే వేడిని చుట్టూ ఉన్న మన్ను లాక్కుంటుంది. బయట చలి ముదిరినా, ఎండ కాసినా లోపల చల్లదనం పెద్దగా మారదు. ఇక క్వెవ్రి ఆకారం కోడిగుడ్డును మొన కిందికి పెట్టి నిలబెట్టినట్టు ఉంటుంది. వైన్‌లోకి చేదును దించే గింజలు ముందుగా జారి ఆ మొనలో చేరతాయి, వాటి మీద మడ్డి పేరుకుంటుంది, అలా గింజలకూ వైన్‌కూ మధ్య ఒక పొర ఏర్పడుతుంది. మా పాతరకు నేల చేసిన సాయం గాలినీ తేమనూ ఆపి లోపల ఏ మార్పూ జరగకుండా చూడటం. అదే నేల అక్కడ మార్పును జరగనిస్తూ, దానిని తొందరపడనివ్వకుండా పట్టి ఉంచుతుంది. మా ఇంట తుఫాను ఏడాది దుర్ఘటనగా జరిగినదానిని వారు ఒక విద్యగా సాధించుకున్నారు.

ఆ విద్యలో మొదటి పేరు కుమ్మరిది కావాలని నా అభిప్రాయం. ఇంత పెద్ద కాగును సారె మీద తీయడం కుదరదు. మట్టిని లావాటి తాడులా పేని, చుట్టు మీద చుట్టు వేస్తూ చేత్తో లేపుతారు. ఒక రోజుకు జానెడు కూడా లేపరు, ఎందుకంటే కింది వరుస ఆరి గట్టిపడకముందే పై బరువు పడితే గోడ కుంగిపోతుంది. అందువల్ల పనివాడు ఒకేసారి పది కాగులు మొదలుపెట్టి, ఒకదాని తర్వాత ఒకటిగా అన్నింటికీ ఒక్కో వరుస చేర్చుకుంటూ పోతాడు. తర్వాత ఆవంలో పేర్చి, వాకిలిని ఇటుకలతో మూసి, రోజుల తరబడి కట్టెలతో కాలుస్తారు. కాగు ఇంకా వేడిగా ఉండగానే లోపల తేనెమైనం పూస్తారు. అది కరిగి మట్టి రంధ్రాలలోకి ఇంకుతుంది. 2013లో యునెస్కో ఈ క్వెవ్రి వైన్ పద్ధతిని మానవాళి వారసత్వ సంపద జాబితాలో చేర్చింది. అయినా ఈ కాగులు చేయగలిగిన కుటుంబాలు అక్కడ ఇప్పుడు కొద్దిగానే ఉన్నాయి.

ఎనిమిది వేల ఏళ్ళ క్వెవ్రి అని అక్కడ చాలామంది అంటారు. 2017లో వెలువడిన పరిశోధన తిబిలిసికి దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని గడచ్రిలి గోరా, షులవెరిస్ గోరా దిబ్బలలో దొరికిన పెంకులను పరీక్షించి, క్రీ.పూ. 6000 నాటికే అక్కడ ద్రాక్ష వైన్ చేశారని తేల్చింది. పెంకులలో ఇంకి మిగిలిన టార్టారిక్ ఆమ్లం ముఖ్యమైన సాక్ష్యం; మన చింతపండు పులుపు కూడా ఆ ఆమ్లానిదే. ఆ ఆధారం వైన్ ప్రాచీనతను చెబుతుంది కానీ నిండా పాతిన కాగు ప్రాచీనతను చెప్పదు. కనుక ఆ మాటను నేను కొంచెం తగ్గించే రాస్తాను.

వారు ఈ వైన్‌ను కర్విస్పెరి అంటారు. కర్వ అంటే అంబరు, అంటే రాయిలా గట్టిపడిన తేనెరంగు చెట్టు జిగురు; పెరి అంటే రంగు. మా ముందు పోసినది జుంటితేనె రంగులో ఉంది. తాగితే మొదట నాలుక అంచులకు నేరేడు వగరు తగిలి, తర్వాత ఎండిన పండు వాసన, చివరికి అక్రోటు పలుకు నమిలినట్టు ఒక చిరుచేదు మిగిలాయి.

మేము బయలుదేరేటప్పటికి ఆ రైతు, ఆలస్యంగా కోతకు వచ్చే సపెరవి అనే నల్ల ద్రాక్ష కోసం మరొక పెద్ద క్వెవ్రిని సిద్ధం చేస్తున్నాడు. చెర్రీ చెట్టు బెరడుతో చేసిన తోముడు కుంచెను పక్కన పెట్టి, ముందుగా ఒక కొవ్వొత్తిని తీగకు కట్టి లోపలికి వదిలాడు. అది ఎందుకో అతను వివరిస్తుంటే మా మేనల్లుడు తెలుగులో చెప్పబోయాడు. అక్కర్లేదన్నాను. ఇద్దరమూ మూతి దగ్గర వంగి, అడుగున నిలకడగా వెలుగుతున్న ఆ దీపాన్ని కాసేపు చూశాము. తర్వాత అతను చెప్పులు విడిచి లోపలికి దిగాడు.