మా మిల్ట్రీ తాతయ్య ఎవర్నీ గడగడలాడించలేదు

మా తాతయ్య పోయిన రోజు సాయంత్రానికల్లా నిడదవోలులో మా వీధి మలుపులో ఫ్లెక్సీ లేచింది. పదడుగులు ఉంటుంది. వెనకాల రెండు యుద్ధ ట్యాంకులు, పైన మూడు విమానాలు, మధ్యలో పెన్షన్ కాగితాల్లోంచి తీసిన తాతయ్య పాస్‌పోర్టు ఫొటో, కింద ఎర్రటి అక్షరాలతో "శత్రుసైన్యాన్ని గడగడలాడించిన వీర జవాను". పెట్టింది మా వీధి కుర్రాళ్లే, తలా కొంత వేసుకుని పెట్టారు, వాళ్ల అభిమానాన్ని తప్పుపట్టను. కానీ మా తాతయ్య ఎవర్నీ గడగడలాడించలేదు. పదిహేడేళ్ల సర్వీసులో ఆయన తుపాకీ పేల్చింది ఫైరింగ్ రేంజిలో, అట్టబొమ్మల మీద. ఆ మాట ఆయనే చెప్పేవాడు, ఏమాత్రం మొహమాటం లేకుండా. ఆయన సిగ్నల్స్‌లో లైన్‌మన్. యుద్ధంలో టెలిఫోన్ వైర్లు వేసి, తెగితే వెతికి అతికించే మనిషి.

ఆ ఫ్లెక్సీ చూశాక, ఉన్నది ఉన్నట్టు ఒక చోట రాసి పెట్టాలనిపించింది.

ఆయన చేరింది 1964లో. చైనా యుద్ధంలో దెబ్బతిన్నాక సైన్యాన్ని గబగబా పెంచుతున్న రోజులు. మాకు దగ్గర్లోనే తాడేపల్లిగూడెం దాటితే మాధవరం ఉంది, మిలటరీ మాధవరం అంటారు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ అక్కడ తాత, కొడుకు, మనవడు వరసగా సైన్యంలోకి వెళ్తూనే ఉన్నారు. మా ఇంట్లో అలాంటి చరిత్ర ఏమీ లేదు. తాతయ్య ఎస్సెల్సీ తప్పి, ఇంట్లో తిట్లు తిని, రెండు పూటలా కడుపునిండా అన్నం పెడతారట అని ఎవరో చెబితే వెళ్లాడు. తీరా జబల్‌పూర్ ట్రైనింగు సెంటర్‌లో చపాతీలు పెట్టారు. అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ మోసం గురించి చెప్పుకుని బాధపడేవాడు.

1971 యుద్ధంలో జమ్మూకి కింద, సరిహద్దుకి అవతల శకర్‌గఢ్ వైపు ఉన్నాడు. బసంతర్ నది దగ్గర జరిగిన ట్యాంకుల యుద్ధం గురించి చాలామంది చదివే ఉంటారు, 21 ఏళ్లకే ప్రాణాలు వదిలి పరమవీరచక్ర తెచ్చుకున్న అరుణ్ ఖేతర్‌పాల్ పోరాడింది అక్కడే. చిన్నప్పుడు నేను "నువ్వు ఆయన్ని చూశావా తాతయ్యా?" అని ఎన్నిసార్లు అడిగానో. "లేదురా, నాకు కనపడింది వైరొక్కటే" అనేవాడు.

వైరు సంగతి మాత్రం ఎంతసేపైనా చెప్పేవాడు. అక్కడంతా మందుపాతరలు. వాటిని తీసి దారి చేసినంత మేర రెండు పక్కలా తెల్ల టేపు కట్టేవాళ్లు, మనుషులు, బళ్లు, ట్యాంకులు, టెలిఫోన్ వైరు, అన్నీ ఆ సందులోంచే. రాత్రిపూట లైను పోతే లైటు వెయ్యడానికి లేదు. వైరుని అరచేతిలోంచి జారనిస్తూ నడుచుకుంటూ పోవడమే, ఎక్కడ చేతిలో ఏమీ లేకుండా పోతుందో అక్కడ తెగినట్టు. రెండో కొస ఎక్కడ పడిందో నేల తడిమి వెతకాలి, అది టేపుకి అవతల పడి ఉంటే లాగాలా వద్దా అన్నది ఆ చీకట్లో ఆ క్షణంలో తేల్చుకోవాలి. డిసెంబరు చలికి వేళ్లు స్పర్శ తెలియకుండా అయిపోతే చంకల్లో పెట్టుకుని వేడి చేసుకుని మళ్లీ పట్టుకునేవాళ్లట. దొరికాక రీఫ్ ముడి వేసి, రాగి తీగలు మెలేసి, ఇన్సులేషన్ టేపు చుట్టి, చేతి ఫోను తగిలించి అటు పలుకుతోందా ఇటు పలుకుతోందా చూసుకుని వెనక్కి. ఒక రాత్రి ఒకే చోట ఆరుసార్లు తెగిందట. తెంపింది పాకిస్తాన్ వాళ్లు కాదు, మన ట్యాంకులే, ఆ ఇనప పట్టాల కింద పడితే వైరు ఆగుతుందా. నాకు తెలిసి తాతయ్య జీవితంలో శత్రువుని తిట్టింది తక్కువ, మన ట్యాంకు డ్రైవర్లని తిట్టింది ఎక్కువ, అదీ శుద్ధమైన పంజాబీలో.

"ఒకతను టేపు దాటాడు" అని ఒకే ఒక్కసారి అన్నాడు. నేను ఇంజనీరింగులో ఉన్నాను అప్పటికి. పేరు చెప్పలేదు, ఏ ఊరో చెప్పలేదు, లేచి దండెం మీద బట్టలు తియ్యడానికి వెళ్లిపోయాడు. నేనూ మళ్లీ అడగలేదు. అడిగి ఉండాల్సిందేమో అని ఇప్పుడు అనిపిస్తోంది, లేదా అడక్కపోవడమే మంచిదయిందేమో.

ఏటా డిసెంబరు 16న టీవీలో ఢాకా లొంగుబాటు, 93 వేల మంది ఖైదీలు అని చూపిస్తుంటే "మాకు ఒక రోజు లేటు" అనేవాడు. పడమటి వైపు కాల్పులు ఆగింది 17వ తేదీ రాత్రి ఎనిమిదింటికి. ఆ రాత్రి లైను తెగకపోతే నిద్ర పట్టలేదట, ఎక్కడో ఏదో పాడైందేమోనని లేచి రెండుసార్లు ఫోను తిప్పి చూశాడట.

1981లో హవల్దారుగా బయటికొచ్చాడు. పేరు, నంబరు తెల్ల పెయింటుతో రాసిన నల్ల ట్రంకు పెట్టె, బిస్కెట్ డబ్బాలో పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, ఇంకో మూడో నాలుగో. తర్వాత టెలిఫోన్ శాఖలో మళ్లీ అదే లైన్‌మన్ ఉద్యోగం, 2005లో రిటైరయ్యేదాకా. ఊళ్లో మాత్రం ఆయన ఎప్పటికీ "మిల్ట్రీ ఆయనే". దాని అసలు అర్థం సంక్రాంతికి తెలిసేది. పండగ వారం ఉందనగా ఎక్కడెక్కడి చుట్టాలో "బాబాయ్ గారూ, ఆరోగ్యం ఎలా ఉందండీ" అంటూ దిగేవాళ్లు. మిలటరీ క్యాంటీన్ రమ్ము కోసం. తాతయ్య తాగడు, అందరికీ తెలుసు, కాబట్టి కోటా అంతా ఎవరికి దక్కుతుందన్నదే ప్రశ్న.

స్కూల్లో ఆగస్టు 15కి ఆయన్నే పిలిచేవాళ్లు. మేమంతా బాంబుల కోసం నోరు తెరుచుకుని కూర్చుంటే ఆయన పావుగంట సేపు పాదాల గురించి చెప్పేవాడు. సాక్సులు తడిగా ఉంచుకోకూడదు, రోజూ రాత్రి వేళ్ల మధ్య తుడుచుకోవాలి, కాలు పోతే సిపాయి పోయినట్టే. హెడ్మాస్టారు వాచీ చూసుకునేవారు. నేను తల వంచుకుని కూర్చునేవాడిని, సిగ్గేసి.

యుద్ధం కన్నా ఆయన ఎక్కువ కదిలిపోయి చెప్పింది 1996 తుపాను గురించి. నవంబరు 6న కోనసీమని ఊడ్చేసిన తుపాను, వెయ్యి మందికి పైగా పోయారు. లైన్లు నిలబెట్టడానికి వేరే చోట్ల నుంచి సిబ్బందిని పంపితే అందులో తాతయ్య ఒకడు, అప్పటికి 51 ఏళ్లు. ముమ్మిడివరం వైపు కొబ్బరిచెట్లన్నీ ఒకే పక్కకి దువ్వినట్టు పడి ఉన్నాయట, స్తంభాల మీద చెట్లు, చెట్ల మీద ఇళ్ల కప్పులు, కింద పశువుల కళేబరాలు. "అక్కడ టేపు కట్టేవాడు కూడా లేడురా" అన్నాడు. ఒక ఊళ్లో ఫోను మొదటిసారి పలికినప్పుడు జనం వరస కట్టి నిలబడ్డారట, ఒక్కొక్కరూ మాట్లాడింది ఒకటే వాక్యం, మేం ఉన్నాం అని. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు పూడుకుపోయేది. యుద్ధం గురించి చెబుతుంటే ఎప్పుడూ అలా కాలేదు.

చివరి రోజుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2024 ఆగస్టులో కిడ్నీలు మొరాయించాయి, నాలుగు రోజులు ఆసుపత్రి, ఐదో రోజు తెల్లవారుజామున పోయాడు. నేను హైదరాబాదులో బస్సెక్కి దారిలో ఉన్నాను. 79 ఏళ్లు.

మాజీ సైనికుల సంఘం నుంచి ఐదుగురు వచ్చారు. అప్పటికే మా వీధి కుర్రాళ్లు పెద్ద జాతీయ జెండా తెచ్చి కప్పడానికి సిద్ధంగా ఉన్నారు. అందులో పెద్దాయన, ఎనభై దాటి ఉంటాయి, కర్ర పట్టుకుని ముందుకొచ్చి "వద్దు బాబూ" అన్నాడు. ప్రభుత్వ లాంఛనాలతోనో సైనిక లాంఛనాలతోనో జరిగే అంత్యక్రియల్లో తప్ప మామూలుగా శవం మీద జెండా కప్పకూడదు, ఫ్లాగ్ కోడ్ ఒప్పుకోదు. కుర్రాళ్లకి కోపం వచ్చింది. దేశం కోసం పోరాడిన మనిషికి ఆమాత్రం మర్యాద లేదా అని ఒకడు గొంతు పెంచాడు. మా మావయ్య అటూ ఇటూ చెప్పలేక నలిగిపోయాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆ క్షణాన ఆ పెద్దాయన మీద కోపమే వచ్చింది. అప్పుడు అమ్మమ్మ లోపలి నుంచి "ఆయన ఉంటే కప్పనిచ్చేవారా?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. జెండా మడిచారు. బిస్కెట్ డబ్బాలోంచి మెడల్స్ తీసి ఛాతీ మీద పెట్టాం, ఐదుగురూ వరసగా నిలబడి సెల్యూట్ చేశారు, కర్ర ఉన్నాయన కర్రని ఎడమ చేతిలోకి మార్చుకుని మరీ చేశాడు. చితికి తీసుకెళ్లే ముందు మెడల్స్ తీసి అమ్మమ్మ చేతికిచ్చారు.

పెద్దకర్మ అయ్యాక ఫ్యామిలీ పెన్షన్ కాగితాల కోసం ట్రంకు పెట్టె తెరిచాం. నాకు లోపల టెన్షన్‌గానే ఉంది. సైన్యంలో రికార్డుల్లో భార్య పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉండి, భర్త పోయాక నెలల తరబడి తిరిగిన ఆడవాళ్ల కథలు చాలా విన్నాను. మా అమ్మమ్మకీ అదే, పెళ్లయినప్పుడు తాతయ్య రాయించింది పిలుపు పేరు. పెట్టెలో పైనే ఒక ఫైలు ఉంది. అఫిడవిట్, పేరు మార్పు అప్లికేషను, సరిచేసి వచ్చిన కొత్త పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం), అమ్మమ్మతో కలిసి తీయించుకున్న ఫొటో నాలుగు కాపీలు, ఎవరికి ముందు ఫోను చెయ్యాలో వరస. ఐదేళ్ల కిందటే అంతా చేయించి పెట్టాడు, మాకెవరికీ చెప్పకుండా. మూడో నెల డబ్బు పడింది.

ఫ్లెక్సీ దసరా వానలకి చిరిగి వేలాడుతుంటే అమ్మమ్మ దాన్ని దింపించి పెరట్లో కట్టెల మీద కప్పించింది. మొన్న వెళ్లినప్పుడు చూశాను. తాతయ్య మొహం లోపలి మడతలోకి పోయింది, "గడగడలాడించిన" ఒక్కటే పైకి కనపడుతోంది. గాలికి లేవకుండా నాలుగు మూలలా పాత టెలిఫోన్ వైరుతో కట్టి ఉంది. ఎవరు కట్టారని అడిగితే "నేనే, ఏం?" అంది అమ్మమ్మ. రీఫ్ ముళ్లే.