కేసుకు అక్కరలేని పని

నేరపరిశోధన ధారావాహికల్లో జంటగా పనిచేసే ఇద్దరి మధ్య ప్రేమ ఉందా లేదా అన్న వాదన మొదలైతే, అభిమానులు ముందుగా చూపించేవి చూపులు. ఆ తర్వాత దగ్గరగా నిలబడటం, భుజం మీద చెయ్యి, ఎవరూ మాట్లాడని కారు ప్రయాణం. ఇటువంటి ఆధారాలను ఏళ్ల తరబడి ఇష్టంగా పోగుచేసుకున్నవారిలో నేనూ ఉన్నాను. అయినా వాటిలో చాలా భాగం కెమెరా పుట్టించినవే తప్ప పాత్రల మనసులోంచి వచ్చినవి కావని నా అభిప్రాయం. కేసుకు ఏమాత్రం అక్కరలేని పనిని ఒకరి కోసం ఇంకొకరు చేసినప్పుడే నిజమైన సూచన దొరుకుతుంది. ఈ మాటను రుజువు చేయడానికి నాకు అందరికన్నా బాగా ఉపయోగపడే జంట 'ది ఎక్స్-ఫైల్స్'లోని మల్డర్, స్కలీ.

ఈ ధారావాహిక 1993 సెప్టెంబరు 10న అమెరికాలో ఫాక్స్ చానల్లో మొదలైంది. ఎఫ్‌బీఐలో ఎవరికీ పట్టని, మామూలు వివరణకు లొంగని కేసులను పట్టుకుని వేలాడే ఫాక్స్ మల్డర్‌గా డేవిడ్ డకోవ్నీ, అతని మీద ఓ కన్నేసి ఉంచడానికి పై అధికారులు పంపిన వైద్యురాలు డేనా స్కలీగా జిలియన్ ఆండర్సన్ నటించారు. వాళ్లిద్దరూ మాట్లాడుకునేటప్పుడు తోటి ఉద్యోగులెవరూ నిలబడనంత చేరువగా నిలబడతారన్నది అభిమానులు తరచూ చూపే మొదటి ఆధారం. చూడటానికి నిజమే. కానీ అప్పటి టీవీ తెర ఇప్పటిలా వెడల్పైనది కాదు. 4:3 నిష్పత్తిలో ఇంచుమించు చదరంగా ఉండేది. ఇద్దరి ముఖాలనూ పెద్దవిగా ఒకే షాట్‌లో పట్టాలంటే నటులు ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరికి రావలసిందే. దానికి తోడు డకోవ్నీ ఆరడుగుల మనిషి, ఆండర్సన్ సుమారు ఐదడుగుల మూడంగుళాలు. ఆ తేడా తెర మీద ఎబ్బెట్టుగా కనిపించకుండా ఆమెను తరచూ ఒక పెట్టె మీద నిలబెట్టి చిత్రీకరించేవారు. యూనిట్ వాళ్లు ఆ పెట్టెకు ఆమె పేరు కలిసొచ్చేలా ఓ ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. స్కలీ కళ్లు మల్డర్ కళ్లకు అంత చేరువగా ఎందుకు వచ్చాయని అడిగితే, జవాబులో సగం ఆ పెట్టెకే చెందుతుంది.

గుమ్మం దాటుతున్నప్పుడు మల్డర్ చెయ్యి స్కలీ నడుము వెనక ఆనడం అభిమానులకు మరీ ప్రీతిపాత్రమైన ఆధారం. దీన్నీ నేను లెక్కలోకి తీసుకోను. ఆ చెయ్యి ఒకే ఒక్కసారి ఆని ఉంటే ఎందుకని ఆలోచించేదాకా వచ్చేది. అన్ని ఎపిసోడ్లలో అన్ని గుమ్మాల దగ్గరా అదే జరుగుతుంటే ఆ నటుడు అలా నడుస్తాడని మాత్రమే తెలుస్తుంది. ఈ విషయంలో నాతో మాటలు మానేసినంత పని చేసిన స్నేహితులున్నారు.

ఇక లెక్కలోకి వచ్చేదేమిటో చెప్పాలి. 1994 ఏప్రిల్‌లో 'టూమ్స్' అనే ఎపిసోడ్ ప్రసారమైంది. మనుషుల కాలేయాలు తిని దశాబ్దాల తరబడి నిద్రపోయే టూమ్స్ అనే హంతకుడు విడుదలై బయటికి వచ్చాడు. అతను మళ్లీ చంపుతాడని మల్డర్‌కు తెలుసు, పై అధికారులు నమ్మరు. అందుకని తన కారులోనే కూర్చుని, నిద్ర లేకుండా, ఒంటరిగా అతని ఇంటిని కాపలా కాస్తున్నాడు. ఆ రాత్రి స్కలీ వచ్చి పక్క సీట్లో కూర్చుంటుంది. చేతిలో కాగితం సంచి, అందులో అతనికి తినడానికి ఓ శాండ్‌విచ్, తాగడానికి ఏదో ఉన్నాయి. మాటల మధ్యలో ఆమె అతన్ని మొదటి పేరుతో 'ఫాక్స్' అని పిలుస్తుంది. అతను నవ్వేసి, అమ్మానాన్నల చేత కూడా మల్డర్ అనే పిలిపించుకున్నానంటాడు. ఆమె వెంటనే ఇంటిపేరుకు మారిపోయి, నీ కోసం తప్ప ఇంకెవరి కోసమూ నా ఉద్యోగాన్ని ఇలా పణంగా పెట్టనని చెబుతుంది. ఆ మాటకు తిన్నగా జవాబు చెప్పడం మల్డర్ వల్ల కాదు. ఆ సంచిలో ఐస్ టీ గనక ఉంటే ఇది ప్రేమే అయి ఉండొచ్చునని వేళాకోళమాడతాడు. ఆమె సంచిలోంచి సీసా తీసి, విధి రాత ఇలా ఉంది, ఇది రూట్ బీర్ అంటుంది (పేరులో బీర్ ఉన్నా అది మామూలు శీతల పానీయమే). తర్వాత అతన్ని ఇంటికి వెళ్లి పడుకోమని చెప్పి తానే కాపలాకు కూర్చుంటుంది.

ఈ సన్నివేశంలోంచి ఆ సంచినీ ఆ మాటలనూ తీసేసినా టూమ్స్ దొరుకుతాడు, కథలో ఒక్క ముడి కూడా వదులు కాదు. చేతులు కలవవు, కెమెరా విన్యాసమేమీ లేదు, ఇద్దరూ ఎదుటి అద్దంలోంచి వీధిలోకే ఎక్కువగా చూస్తుంటారు. అయినా ఒక మనిషి ఇంకొక మనిషి కోసం పడుకునే వేళకు ఆహారం మోసుకొచ్చి, తన ఉద్యోగం సంగతి ఎత్తి, దానికి ఎదుటివాడు పరిహాసంతో అడ్డుగోడ కట్టడాన్ని మనం చూస్తాం. మొత్తం ధారావాహికలో ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు కనబడలేదు.

అదే మొదటి సీజన్‌లోని 'ఐస్' సంగతి కొంచెం చిక్కైనది. అలాస్కా మంచులో ఒక పరాన్నజీవి పురుగు మనుషుల్లో చేరి వాళ్లను హింసకు ఉసిగొల్పుతుంటుంది. మల్డర్‌కు అది సోకిందన్న అనుమానంతో అతన్ని ఓ గదిలో బంధిస్తారు. స్కలీ లోపలికి వెళ్లి అతని మెడ వెనక తడిమి చూస్తుంది, ఏమీ లేదని తేలుతుంది. ఆమె వెనుదిరగ్గానే అతను పట్టి ఆపి ఆమె మెడను కూడా అలాగే పరీక్షిస్తాడు. మెడ చూడటం కేసుకు అవసరమే కనుక నా కొలతకు ఇది నిలవకూడదు. అయితే పరీక్ష ముగిశాక కూడా ఆ చేతులు క్షణకాలం అక్కడే ఉండిపోతాయి, ఆ కాస్త జాప్యంతో కేసుకు పనిలేదు. 1996లో విన్స్ గిలిగన్ రాసిన 'పుషర్' చివర ఆసుపత్రి మంచం పక్కన స్కలీ మల్డర్ చేతిని అందుకోవడమూ ఈ కోవలోదే. అప్పటికి హంతకుడు దొరికాడు, కేసు మూసేశారు, పని అయిపోయింది. ఇంకా పట్టుకున్న చెయ్యికి వేరే కారణం వెతకాలి. 'బియాండ్ ది సీ'లో తండ్రి పోయిన స్కలీ తిరిగి ఆఫీసుకొచ్చినప్పుడు మల్డర్ ఎన్నడూ లేనిది 'డేనా' అని పిలిచి చెంప తాకడాన్ని కూడా ఒప్పుకుంటాను, కానీ దుఃఖంలో ఉన్నవారి పట్ల ఎవరైనా చూపే దయ అది అనేవాళ్లతో గట్టిగా పోట్లాడను.

ఈ బంధంలో పెద్ద మలుపును రచయితలు ముందుగా తలపెట్టి తీసుకురాలేదన్న సంగతి వాదనల్లో చాలామంది మరచిపోతారు. రెండో సీజన్ నాటికి ఆండర్సన్ గర్భవతి. మొదట పెద్ద కోట్లు తొడిగి, కెమెరా కోణాలు మార్చి కాలక్షేపం చేశారు. 1994 సెప్టెంబరులో ప్రసవం కావడంతో ఆమె సెలవులో ఉన్న కాలానికి కథలో ఓ కారణం కావలసి వచ్చి, స్కలీ అపహరణకు గురైనట్టు రాశారు. ఆమె లేనప్పుడు మల్డర్ ఎలా కుంగిపోతాడో, నవంబరులో వచ్చిన 'వన్ బ్రెత్'లో ఆమె కోమాలో దొరికినప్పుడు పగ తీర్చుకునే అవకాశాన్ని కాదని ఆమె మంచం దగ్గరికి ఎలా వస్తాడో చూసినవారికి, అంతవరకు అనుమానంగా ఉన్నది నమ్మకమైపోయింది. ఆమెను అపహరించినవారు దొరికే అవకాశాన్ని వదులుకుని ఒకరి పక్కన కూర్చోవడం కేసుకు అక్కరలేని పని మాత్రమే కాదు, కేసుకు నష్టం చేసే పని కూడా. ఒక నటి ప్రసూతి సెలవు లేకపోతే ఈ సాక్ష్యం మనకు దక్కేదే కాదు.

ఇంత జరుగుతున్నా సృష్టికర్త క్రిస్ కార్టర్ మాత్రం వాళ్లిద్దరి మధ్య ప్రణయం ఉండదనే చాలాకాలం చెబుతూ వచ్చారు. కలపాలని కోరుకునేవారిని షిప్పర్లు అన్నారు, ఆ పేరు ఈ అభిమానుల మధ్యే వ్యాప్తిలోకి వచ్చింది, వద్దనేవారు నోరోమోలు. టీవీ రచయితలు ఇలా భయపడటానికి 'మూన్‌లైటింగ్' అనే పాత సాకు ఒకటుంది. 1985లో మొదలైన ఆ డిటెక్టివ్ ధారావాహికలో సిబిల్ షెపర్డ్, బ్రూస్ విల్లిస్ పాత్రలు 1987 మార్చి చివర్లో ఒక్కటయ్యాయి. అక్కడినుంచి ఆదరణ పడిపోయి 1989లో అది ఆగిపోయింది. ప్రేమ తీరితే ప్రేక్షకులు పోతారన్న సూత్రాన్ని పరిశ్రమ దీన్నుంచే తీసుకుంది. అసలు జరిగిందేమిటంటే, షెపర్డ్ కవలలతో గర్భవతి కావడం, విల్లిస్ సినిమాకు వెళ్లిపోవడం వల్ల తర్వాతి సీజన్‌లో నాయికా నాయకులు చాలా ఎపిసోడ్లలో కలిసి కనిపించనే లేదు. 1988లో రచయితల సమ్మె వచ్చింది, సృష్టికర్త గ్లెన్ గోర్డన్ కారన్ తప్పుకున్నారు. జంటను విడదీసిన కథను చూడలేక జనం వెళ్లిపోతే, తప్పు జంట కలవడం మీద పడింది. 'బోన్స్'లో జంట 2011లో కలిసింది, ఆ ధారావాహిక 2017 వరకు నడిచింది. 'క్యాజిల్' జంట 2012లో కలిశాక మరో నాలుగు సీజన్లు వచ్చాయి. ఆ సూత్రానికి ఇంకా కాలం చెల్లలేదంటే నాకు ఆశ్చర్యమే.

మన హిందీ ధారావాహిక 'సీఐడీ'లో ఇన్‌స్పెక్టర్ అభిజీత్, ఫోరెన్సిక్ ల్యాబ్‌లోని డాక్టర్ తారిక సంగతి వేరు. ల్యాబ్‌లో శవపరీక్ష వివరాలు వింటూ అతను ఆమెనే చూడటం, డాక్టర్ సాలుంఖే చిరాకుపడటం బాహాటంగా నడిచే హాస్యం. అందరికీ చూపించి చేసేదాన్ని వెతికి పట్టుకోవలసిన పని లేదు.

నా కొలతకు గట్టి అభ్యంతరం 'ఎలిమెంటరీ' నుంచి వస్తుంది. 2012 నుంచి 2019 వరకు సాగిన ఈ ధారావాహికలో షెర్లాక్ హోమ్స్‌గా జానీ లీ మిల్లర్, జోన్ వాట్సన్‌గా లూసీ లియూ నటించారు. వాళ్ల మధ్య ప్రణయం ఉండదని సృష్టికర్త రాబ్ డోహర్టీ మొదటే చెప్పారు, చివరి వరకూ మాట నిలబెట్టుకున్నారు. కానీ మొదటి సీజన్ ముగింపులో హోమ్స్ మేడ మీద తాను పెంచిన తేనెటీగల్లో కొత్త జాతి పుట్టిందని చెప్పి, దానికి వాట్సన్ పేరు పెడతాడు. కేసుకు ఇంతకన్నా అక్కరలేని పని ఉంటుందా? నా లెక్క ప్రకారం ఇది ప్రేమ. ప్రేమే, సందేహం లేదు. కానీ ప్రణయమని నేను ఒప్పుకోను. అక్కరలేని పని ఆప్యాయతను రుజువు చేస్తుందే గాని, అది ఏ రకం ఆప్యాయతో చెప్పదు. అది తేల్చడానికి ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఆ పని చేసినవారు దాన్ని ఎదుటివారి నుంచి దాచుకుంటున్నారా? హోమ్స్ దాచుకోడు. ఎదురుగా నిలబడి, పేరు పలికి, గౌరవంగా సమర్పిస్తాడు. మల్డర్ మాత్రం ఐస్ టీ మాట చాటున దాక్కుంటాడు, స్కలీ రూట్ బీర్ సీసా చాటున దాక్కుంటుంది. చెబితే ఉన్నది కూడా పోతుందన్న జంకు అక్కడ ఉంది, మేడ మీద లేదు. (1998 సినిమాలో మల్డర్, స్కలీ ముద్దు పెట్టుకోబోతుండగా ఆమెను కుట్టి ఆపిన ప్రాణి కూడా తేనెటీగే. ఈ వాదనలో తేనెటీగలకు ఇంత పాత్ర ఎందుకు దక్కిందో వాటికే తెలియాలి.)

ఈ రెండు ప్రశ్నలతో చూస్తే అభిమానులు పండగ చేసుకున్న 1999 నవంబరు నాటి 'మిలీనియం' ఎపిసోడ్‌లో మల్డర్, స్కలీ ముద్దు అంత విలువైన సాక్ష్యమేమీ కాదు. కొత్త సంవత్సరం గడియారం పన్నెండు కొట్టింది, టీవీలో జనమంతా ముద్దులు పెట్టుకుంటున్నారు, వీళ్లూ పెట్టుకున్నారు. ఆచారం అనుమతించిన చోట ఎవరైనా ధైర్యం చేస్తారు. అందుకు భిన్నంగా, 2000 ఏప్రిల్‌లో ఆండర్సన్ స్వయంగా రాసి దర్శకత్వం వహించిన 'ఆల్ థింగ్స్' మొదట్లోనే స్కలీ అద్దం ముందు దుస్తులు సర్దుకుంటుంది, వెనక మంచం మీద మల్డర్ నిద్రపోతుంటాడు. ఎలా, ఎప్పుడు అన్నదేదీ చెప్పరు. జరిగిందని ఒప్పుకుంటూనే దాచిపెట్టిన ఈ తీరు నాకు ముద్దుకన్నా నచ్చింది. అయితే అక్కడినుంచి వెతకడానికి మిగిలింది తక్కువ. 2001లో బిడ్డను ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నప్పుడు వాదించడానికి ఎదుటి పక్షమే లేకుండా పోయింది. కొత్తగా చూడాలనుకునేవారికి నేను మొదటి నాలుగు సీజన్లే సూచిస్తాను, అందులోనూ 'టూమ్స్' నుంచి మొదలుపెట్టమంటాను. నడుము వెనక చెయ్యి సంగతి మాత్రం నా దగ్గర ఎత్తవద్దు.