ముక్తాయిలో ఆ ఒక్క మాత్ర

మన కళాశాల మృదంగం గది అనగానే తడిపిన బొంబాయి రవ్వ, గుండ్రాయి, గోడకు ఆనించిన వాద్యాలు కళ్ల ముందుకొస్తాయి. వార్షికోత్సవానికి తాళవాద్య కచేరి, అంటే మృదంగం, ఘటం, కంజీరా, మోర్సింగ్ లాంటి లయవాద్యాలే కలిసి వాయించే కచేరి, అనుకోగానే పిల్లలందరి దృష్టీ వేగం మీదికే పోయేది. మాస్టారు మాత్రం ముందు ఘటం తెప్పించి, శ్రుతిపెట్టె పక్కన వాయించమనేవారు. అది ఎంత సరైన పద్ధతో బయట కచేరీలు విన్నకొద్దీ తెలుస్తుంది.

ఘటం శ్రుతి కుమ్మరి ఆవంలోనే ఖాయమైపోతుంది. మృదంగాన్ని అర మెట్టు పైకో కిందికో జరుపుకోవచ్చు, ఘటాన్ని అలా జరపలేం. అందుకే ఘటం విద్వాంసులు రెండు మూడు వెంట తెచ్చుకుంటారు. మానామదురై ఘటం బరువు, నాదం గట్టి, వేళ్లకు శ్రమ ఎక్కువ. మద్రాసు ఘటం పలచన, చేతికి తేలిక. ఏది తెచ్చినా దాని శ్రుతికి మిగతావాళ్లు చేరాలి.

మృదంగం కుడి మూత అంచు అల్లిక మీద పైనుంచి కొడితే శ్రుతి పెరుగుతుంది, కింది నుంచి పైకి కొడితే దిగుతుంది. చుట్టూ తోలు తాళ్లు దూరే 16 కళ్లలో ఒకచోటే కొట్టి ఊరుకుంటే మూత ఒక పక్కకు లాగేసి, మీటు, చాపు అనే రెండు దెబ్బలు ఒక్కోటి ఒక్కో శ్రుతిలో పలుకుతాయి. ఎదురెదురు కళ్లను జతలుగా సరిచేసుకుంటూ రావాలి. ఎడమ మూత మధ్య రవ్వ ముద్దను పలచగా అద్ది, కుడివైపు షడ్జానికి ఒక స్థాయి కిందికి తెచ్చుకుంటాం. దీపాల వేడికి రవ్వ ఆరితే ఎడమ చేతి జారుడు నాదమైన గుంకీ గుండెల్లోంచి రావాల్సింది డబ్బా మోతవుతుంది. తని (తాళవాద్యాల సొంత వాయింపు) మొదలయ్యే ముందు వేలితో ఒక నీటి చుక్క అద్దితే చాలు.

కంజీరాకు, అంటే ఒక పక్కే తోలు బిగించిన చిన్న చేతి వాద్యానికి, లోపలివైపు తడి చేయాలి. నీళ్లు తక్కువైతే కీచుమంటుంది, ఎక్కువైతే చర్మం చచ్చుబడి ఎంతకీ పలకదు. కాబట్టి కొద్దికొద్దిగా చిలకరించి, వేళ్లతో పరిచి, కాసేపు ఆగి చూడాలి. ఒకప్పుడు ఉడుము తోలే వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ జీవికి రక్షణ కల్పించింది, ఇప్పుడు మేక తోలు వాడుతున్నారు. మోర్సింగ్ నోటి దగ్గర పెట్టుకుని మీటే చిన్న లోహ వాద్యం. దాని శ్రుతి దించాలంటే మధ్యలో ఉండే రేకు నాలుక కొసకు కాస్త మైనం అంటిస్తారు. దాని గొంతు చిన్నది, మైకు పెదవుల దగ్గరే ఉండాలి.

ఇక వాయింపు. ఎనిమిది దెబ్బల ఆది తాళంలో, దెబ్బకు నాలుగు మాత్రలుండే చతురశ్ర నడకకు, ఆవర్తనం (తాళం మొదలు నుంచి చివరిదాకా ఒకసారి) 32 మాత్రలు. నలుగురూ ఎనిమిదేసి ఆవర్తనాలు వాయించుకుని, నాలుగు, రెండు, ఒకటి, అర, పావు అంటూ తగ్గించుకుంటూ వస్తారు. పావు అంటే 8 మాత్రలు. నలుగురు కాబట్టి ఒక చుట్టు సరిగ్గా ఒక ఆవర్తనం, మృదంగం వంతు మళ్లీ సమం (తాళం మొదటి దెబ్బ) మీదే వస్తుంది. వాద్యాలు మూడే అయితే చుట్టు 24 మాత్రలే. నాలుగు చుట్లు తిరిగి మూడు ఆవర్తనాలు పూర్తయ్యేదాకా మృదంగం వంతు సమానికి రాదు. ఈ లెక్క ముందే అనుకోకపోతే రెండో చుట్టులోనే ఒకరి మీద ఒకరు పడతారు.

అసలు కష్టం ఆఖరి ముక్తాయి, అంటే ఒకే జతిని మూడుసార్లు వాయించి సమం మీదికి ముగించడం. ఐదు మాత్రల తధిగిణతొం మూడుసార్లు అంటే 15 మాత్రలు. సమం మీద ముగియాలంటే 17 మాత్రలు వదిలి ఎత్తుకోవాలి, అంటే ఐదో దెబ్బ పడ్డాక ఒక మాత్రకు. మధ్యలో ఒక్కో మాత్ర కార్వ (విరామం) ఉంచితే మొత్తం 17, ఎత్తుగడ ఐదో దెబ్బకు ఒక మాత్ర ముందే. ఒకరు కార్వతో, ఇంకొకరు కార్వ లేకుండా అనుకుంటే రెండు మాత్రల తేడా. ఎత్తుకునేటప్పుడు ఎవరికీ పట్టుబడదు, చివరి ‘తొం’ దగ్గర బయటపడుతుంది. అప్పుడు సర్దుకోవడానికి చోటు ఉండదు. అందుకే నలుగురూ చేతితో తాళం వేస్తూ, నోటితో జతులు చెబుతూ, కార్వ దగ్గర మౌనంగా ఆగడం సాధన చేయాలి. వాద్యం ముట్టుకోకుండా ఇది కుదిరాకే కూర్చోవాలి.

కారైక్కుడి మణి మృదంగం, హరిశంకర్ కంజీరా కలిసిన తనులు దొరికితే వినండి. వాళ్ల ఖాళీలు ఎంత నిండుగా ఉంటాయో గమనించండి.

ఈసారి సమ్మేళనంలో వాయించబోయేవారికి ఒక మాట. వరసగా కాకుండా అర్ధచంద్రాకారంలో కూర్చోండి. తాళం వేసేవారి చెయ్యి నలుగురికీ కనబడాలి, మైకు స్టాండ్లు అడ్డుంటే జరిపించండి. ఘటం శ్రుతి ఎంతో ముందే ఫోన్ చేసి అడిగి, దానికి తగిన మృదంగాన్నే ఎంచుకుని రండి.