లోతు తక్కువ పళ్లెం, నీళ్ల లెక్క

ఆదివారం. వానలు తెరిపిచ్చాయి, ఎండలో చురుకు తగ్గింది. హవర్తియాలు, అంటే దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకునే చిన్న మొక్కలు, వేసవి మగత వదిలి కొత్త వేళ్లు వేసే రోజులు. లోతు తక్కువ పళ్లెంలో ఇలాంటివి కలిపి పెంచే పళ్లెం తోటను విప్పి మళ్లీ కట్టడానికి ఇంతకంటే మంచి అదను ఉండదు.

పళ్లెం మట్టిది. 12 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల లోతు, అడుగున మూడు చిల్లులు. పింగాణీది చూడముచ్చటగా ఉంటుంది గానీ పక్కల నుంచి చెమ్మ ఆరదు. చిల్లు లేనిదైతే ఎంత అందమైనదైనా సరే, నాకొద్దు.

అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు దిగిపోతాయని చాలామంది నమ్మకం. దిగవు. సన్నటి మట్టి తాను పట్టుకున్న నీటిని కిందనున్న పెద్ద ఖాళీల్లోకి అంత తేలిగ్గా వదలదు. తడి పొర రాళ్ల పైనే ఆగిపోతుంది. గిన్నెలు తోమే స్పాంజిని తడిపి అడ్డంగా పట్టుకుంటే కాసేపు కారి ఆగుతుంది. దాన్నే నిలువుగా తిప్పితే మళ్లీ కారుతుంది. అడుగున నిలిచే తడి పొర ఎత్తు మారదు, దాని పైన పొడిగా మిగిలే చోటే మారుతుంది. అసలే 3 అంగుళాల లోతు, అందులో అంగుళం రాళ్లకు పోతే వేళ్లకు మిగిలేది బురదే. అందుకే చిల్లుల మీద దోమతెర ముక్క, దానిపైన నేరుగా మట్టి. నీళ్లు పోశాక, కారడం ఆగగానే పళ్లేన్ని ఓ పక్కకు ఏటవాలుగా ఎత్తి పెడతాను. ఆగిపోయిన చిల్లులోంచి మళ్లీ ధార కడుతుంది.

మట్టి పాళ్లు: శనగగింజంత ఇటుక ముక్కలు రెండు వంతులు, గరుకు ఏటి ఇసుక ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఒక వంతు, వర్మికంపోస్టు అర వంతు. ఇటుక పొడిని జల్లెడ పట్టి పారేయాల్సిందే. ఆ దుమ్ము ఖాళీలన్నీ పూడ్చేస్తే ఇంత కొలతా వృథా. సముద్రపు ఇసుక పనికిరాదు, ఉప్పు.

కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల్లో చాలావాటి వేళ్లకు జిగట మట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే పాతితే చుట్టూ మట్టి ఆరినా ఆ ముద్ద ఆరదు. బకెట్ నీళ్లలో నానబెట్టి, చేత్తో మెల్లగా విడదీశాను. హవర్తియా పాత వేళ్లను తానే వదిలేస్తుంది. చచ్చిన వేరు పైపొర తొడుగులా చేతికి ఊడొస్తుంది, లోపల దారం మిగులుతుంది. బతికున్నది తెల్లగా, బొద్దుగా, బిరుసుగా ఉంటుంది. చచ్చినవి కత్తిరించి, గాయం ఆరడానికి రెండు రోజులు నీడలో కాగితం మీద ఉంచాలి. ఒకదాని ఆకు మొదట్లో పిండినల్లి కనబడింది. ఇయర్‌బడ్‌ను సర్జికల్ స్పిరిట్‌లో ముంచి తుడిచేశాను. వేళ్ల మీద కూడా తెల్లటి పిండి ఉంటే ఆ మొక్కను విడి కుండీలో పెట్టడమే మేలు.

ఈసారి పళ్లెంలో మూడు హవర్తియాలు, వాటి చుట్టమే అయిన ఒక గాస్టీరియా, వెనక దళసరి ఆకుల జేడ్ మొక్క కొమ్మ. మధ్య రెండు వేళ్ల ఎడం. అన్నిటిదీ ఒకటే దాహం, అదే ముఖ్యం. అమ్మకానికి పెట్టే పళ్లేల్లో కాక్టస్ పక్కన, ఎప్పుడూ తడి కోరే ఫిట్టోనియాను చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఒకదానికి సరిపడా పోస్తే రెండోది పోతుంది. పైన గులకరాళ్లు జిగురుతో అంటించి ఉంటే మట్టి తడి కూడా తెలియదు. గులాబీ పువ్వులా ఆకులు పేర్చుకునే ఎచివేరియా బెంగళూరు చలువకు బాగుంటుంది, బెజవాడ ఉక్కపోత రాత్రుల్లో దాన్ని నిలబెట్టడం కష్టం.

నాటాక నాలుగైదు రోజులు నీళ్లుండవు. ఆ తర్వాత అగరబత్తి పుల్లను అడుగుదాకా గుచ్చి, ఐదు నిమిషాలకు తీస్తే పొడిగా రావాలి, అప్పుడే పోయాలి. తూర్పు కిటికీ చాలు. ఆకులు ఇటుక రంగుకు తిరిగితే ఎండ ఎక్కువైనట్టు, సాగి పాలిపోతే వెలుతురు చాలనట్టు. వారానికోసారి పళ్లేన్ని పావు చుట్టు తిప్పాలి. 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) లీటరు నీళ్లకు అర గ్రాము, నెలకోసారి, అదీ కొత్త ఆకు కనబడ్డాకే. మార్చి చివర్లో ఆపేయాలి.