తొమ్మిది సెంటీమీటర్ల చెక్కతో శ్రీశైలం

మా మామగారి కారు ప్రీమియర్ పద్మిని, జనం ఫియట్ అని పిలిచే బండి, 1986 మోడల్. ఆయన పోయాక అది మా బావమరిదికి వచ్చింది. వాడు ఇంజను పని చేయించాడు, తుప్పు పట్టినచోటల్లా రేకు మార్పించాడు, పాత రంగే మళ్లీ కొట్టించాడు. అంతవరకు ఇంట్లో అందరం మెచ్చుకున్నాం. ఆ తర్వాత బెంగుళూరు, కొచ్చి కుర్రాళ్ల బళ్లు చూసి దాన్ని కిందికి దించాడు. ముందు పొట్టి స్ప్రింగులు వేయించాడు, వెనక కమాన్ పట్టీల వంపు తగ్గించాడు. ఇప్పుడు మడ్‌గార్డు అంచు టైరు పైభాగాన్ని కప్పేస్తుంది. నిలిపి ఉంచితే బండి చాలా బాగుంటుంది, ఆ మాట కాదనను. మా ఆవిడ మాత్రం "నాన్న కారును చతికిలబెట్టాడు" అని ఇప్పటికీ సణుగుతుంది.

ఆ బండిలో హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లి వద్దామని వాడే అన్నాడు. కార్తీకం రద్దీ మొదలుకాక ముందే వెళ్లాలని బయల్దేరాం. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. ఎవరైనా పొద్దున టిఫిన్ చేసి బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి అక్కడ ఉంటారు. మేము తెల్లవారకముందే లేచాం.

తుక్కుగూడ దగ్గర పెట్రోలు కొట్టించాక బావమరిది డిక్కీ తీసి ఒక చెక్క ముక్క బయటికి లాగాడు. దాని మీద పెన్సిలుతో రెండు గీతలున్నాయి. పదకొండు సెంటీమీటర్ల దగ్గర ఒకటి, తొమ్మిది దగ్గర ఇంకొకటి. ఖాళీ బండిలో సైలెన్సర్ గొట్టం కింద ఉండే జాగా పై గీత. ముగ్గురు మనుషులు, సామాను, నిండు ట్యాంకుతో మిగిలేది కింది గీత. "బావా, దారిలో అనుమానం వచ్చినచోట మీరు దిగి ఈ చెక్క నిలబెట్టి చూడాలి. తొమ్మిది దాటితే చెయ్యి ఊపండి" అన్నాడు. నా ఉద్యోగం అలా ఖాయమైంది.

కడ్తాల్, ఆమనగల్లు వరకు దారి హాయిగా సాగింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు కిందే గేరు రాడ్డు, గంటకు అరవై, డెబ్భై మధ్య వేగం. దించిన బండి మెత్తగా పోదు. స్ప్రింగు కదలడానికి చోటు తగ్గిపోతుంది కాబట్టి గట్టి స్ప్రింగు వేయక తప్పదు. వంతెన దగ్గర రోడ్డు అతుకు వచ్చిందంటే నడుముకు తెలుస్తుంది. వెనక సీట్లో మా ఆవిడ పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సీటు మీద పెడితే మూత ఊడుతోందట.

జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్లు ఉండకూడదన్నది నియమం. ఊళ్లు ఆ నియమం చదవవు. మొదటి రెండు మూడు చోట్ల నేను దిగి చెక్క పెట్టి చూశాను. దిబ్బ ఎత్తు పది సెంటీమీటర్లు. చెయ్యి ఊపాను. వాడు నవ్వి, ఆగకుండానే మొదటి గేరులో మెల్లగా ఎక్కించి దించేశాడు, ఎక్కడా తగల్లేదు. తొమ్మిది సెంటీమీటర్ల జాగాలోంచి పది సెంటీమీటర్ల దిబ్బ ఎలా పోయిందో నాకు అర్థం కాలేదు. అడిగితే బండి నడుపుతూనే లెక్క చెప్పాడు.

రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం వేసిన దిబ్బ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. 17 మీటర్ల వ్యాసార్ధమున్న పెద్ద వలయంలోంచి ఒక ముక్క కోసి రోడ్డు మీద బోర్లించినట్టన్నమాట. పద్మిని ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.34 మీటర్లు. అంటే దిబ్బ నడుమకు వచ్చేసరికి నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి. బండి మొత్తం దిబ్బతో పాటు లేస్తుంది. అప్పుడు పొట్ట కింద దిబ్బ పైకి పొడుచుకు వచ్చేది నాలుగు సెంటీమీటర్లే. కాబట్టి సరిగ్గా వేసిన దిబ్బ ఇంత కిందికి దించిన బండినైనా దాదాపు ఏమీ చేయదు. ఇరుకు దిబ్బలతోనే చిక్కు. రెండడుగుల వెడల్పుతో నిటారుగా పోసింది వచ్చిందనుకోండి, ముందు చక్రాలు దిగిపోయి వెనకవి ఇంకా ఎక్కని ఆ మధ్య క్షణంలో దిబ్బ ఎత్తంతా పొట్ట కిందే ఉంటుంది. ఇంజనీరింగు చదివినవాణ్ణి నేను, ఈ లెక్క కారు షెడ్లో నేర్చుకున్నవాడు వాడు.

ఆ ఇరుకు దిబ్బ డిండి దాటాక ఎదురైంది. ఒక ఊరి బడి ముందు, సిమెంటుతో పోసింది. చెక్క నిలబెడితే పై గీత మునిగిపోయి ఇంకా నాలుగు వేళ్లు పైకి ఉంది. దగ్గరికి వెళ్లి వంగి చూస్తే దాని నెత్తి మీద నల్లటి గీకుళ్లు, ఒక చోట ఎవరి బండి పొట్టదో రేకు పెచ్చు, ఇంజను ఆయిల్ మరక. పక్కనే టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన మా తంటాలు చూసి, "మొదలు చిన్నగనే పోసినం సార్. లారీలోళ్లు ఆగకపోయిరి. గందుకే గింత పెద్దగ పోసినం" అన్నాడు. బడి గేటు రోడ్డుకు పది అడుగుల్లో ఉంది. ఆయనతో వాదించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఇలాంటిది దాటే పద్ధతి అక్కడే చూశాను. ముందు మేమిద్దరం దిగాం. నూట ముప్ఫై కిలోల బరువు తగ్గింది, అందులో నా వాటా ఎంతో మా ఆవిడ చెప్పబోతే ఆపాను. తర్వాత నేను రోడ్డుకు అడ్డంగా నిలబడి ఎదురుగా వచ్చే ట్రాక్టరును ఆపాను. బావమరిది బండిని ఎడమవైపు అంచుకు తీసుకెళ్లి, అక్కడి నుంచి బాగా ఏటవాలుగా దిబ్బ ఎక్కించాడు. అలా ఎక్కిస్తే ఒక్కొక్క చక్రమే ఎక్కుతుంది. ముందు ఎడమది, దాని వెంట ముందు కుడిది, అది దిగుతుండగానే వెనక ఎడమది. నేరుగా పోతే రెండు జతల మధ్య రెండు మీటర్ల పైన ఖాళీ ఉంటుంది, ఏటవాలుగా పోతే ఆ ఖాళీ మూడడుగులకు లోపే. ఎప్పుడూ ఏదో ఒక చక్రం దిబ్బ మీదో దాని అంచు మీదో ఉండి బండిని పైకి పట్టుకునే ఉంటుంది. దిబ్బ మీద బ్రేకు తొక్కకూడదు, తొక్కితే మూతి వంగుతుంది. ముందే తొక్కి, ఎక్కబోయే ముందు వదిలేయాలి.

ఇంత చేసినా చివర్లో సైలెన్సర్ గొట్టం గర్రుమంది. బడి పిల్లలు చప్పట్లు కొట్టారు.

బావమరిది బండి కింద దూరి చూశాడు. గొట్టం బిగించే క్లాంపు ఒకటి వంగింది, అంతే. వాడి భయమంతా ఆయిల్ చాంబర్ గురించి. సైలెన్సర్ చిల్లుపడితే చప్పుడు చేసుకుంటూ ఇంటికి రావచ్చు. చాంబర్ పగిలితే మాత్రం ఆయిలంతా కారిపోయి ఇంజను పట్టేస్తుంది. డిక్కీలో రెండు డబ్బాల ఇంజనాయిల్, ఎం-సీల్ పొట్లం, బట్టల సబ్బు తెచ్చుకున్నాడు. సబ్బు పెట్రోలు ట్యాంకు కారితే రుద్దడానికట.

మన్ననూరు చెక్‌పోస్టుకు మధ్యాహ్నం చేరాం. ఇక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బళ్లను లోపలికి వదలరు. మాలాగా దిగుతూ ఎక్కుతూ పోయేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అడవిలో జంతువుల కోసం వేసిన దిబ్బలున్నాయి, వాటిలో చాలావరకు వాలుగానే ఉన్నాయి. అక్కడ మమ్మల్ని కంగారుపెట్టింది రోడ్డు అంచు. వర్షాలకు పక్క మట్టి కొట్టుకుపోయి తారుకూ నేలకూ మధ్య జానెడు లోతు ఏర్పడింది. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే మామూలు కారు ఒక పక్క చక్రాలు మట్టిలోకి దించి దారి ఇస్తుంది. ఈ బండి తారు దిగిందా, పొట్ట అంచు మీద ఆనుకుని కూర్చుంటుంది. అందుకని బస్సు దూరాన కనబడగానే వెడల్పైన చోటు వెతుక్కుని ఆగడం, లైట్లు వేయడం. ఒక డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఫియట్ కారా? మా నాయన నడిపిండు!" అని అరిచి పోయాడు.

వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం జలపాతానికి తిరగాలి. లోపలికి ఏడెనిమిది కిలోమీటర్ల దారి. బావమరిది ఆ దారి మొదట్లోనే ఆగి, వంద గజాలు నడిచి వెళ్లి తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు. బండి ఊళ్లో పెట్టి ఆటో మాట్లాడుకున్నాం. మూడు వందలకు పైగా మెట్లు దిగాక సన్నటి ధార, చల్లటి నీళ్లు. మా ఆవిడ అన్నది, "చిన్నప్పుడు నాన్న ఇదే కారును ఆ పైదాకా తెచ్చాడు, టాపు మీద పరుపు కట్టుకుని." బావమరిది నీళ్లలో మొహం కడుక్కుంటూ విననట్టు ఊరుకున్నాడు.

ఈగలపెంట దాటాక ఘాట్ దిగుడు. ఇక్కడ మాత్రం కిందికి దించిన ఫలం కనబడింది. మామూలు పద్మిని మలుపుల్లో పడవలా ఒరుగుతుంది, మా మామగారి వెనక సీట్లో కూర్చున్న ప్రతివాళ్లకూ అది తెలుసు. ఈ బండి ఒరగలేదు. రెండో గేరులో, ఇంజను పట్టు మీదే, రోడ్డుకు అంటుకున్నట్టు దిగింది. పూర్తిగా స్టీరింగు తిప్పాల్సిన రెండు మూడు మలుపుల్లో మాత్రం టైరు మడ్‌గార్డుకు రాసుకుని గీపెట్టింది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే కాబట్టి మధ్యలో ఒకసారి ఆగి వాసన పోయేదాకా కూర్చున్నాం. డ్యాము గేట్లు పన్నెండూ మూసే ఉన్నాయి. కృష్ణ వంతెన దాటి, సున్నిపెంట మీదుగా చీకటిపడే వేళకు శ్రీశైలం.

దారంతా గెలిచిన బండి సత్రం గేటు దగ్గర ఓడింది. రోడ్డుకూ గేటుకూ మధ్య మురికి కాలువ, దాని మీద ఎత్తుగా పోసిన సిమెంటు వాలు. ముందు బంపరే నేలకు తగిలింది, చక్రం ఇంకా వాలు దాకా రానే లేదు. దిబ్బకు పొట్ట భయం, వాలుకు మూతి భయం. వాచ్‌మన్ ఎక్కడి నుంచో రెండు సెంట్రింగు చెక్కలు తెచ్చి వాలు ముందు పరిచాడు. వాలు అంత పొడుగు సాగింది, బండి లోపలికి వెళ్లింది. అతనికి వంద రూపాయలిచ్చి, పొద్దున దాకా చెక్కలు కదపొద్దని బతిమాలుకున్నాం.

దర్శనం త్వరగానే అయింది. తిరుగు ప్రయాణానికి ముందు శిఖరేశ్వరం వెళ్లి, నంది కొమ్ముల మధ్యలోంచి గుడి శిఖరం చూసి వచ్చాం. అక్కడి దిబ్బలు చూశాక మా ఆవిడ నిర్ణయం ప్రకటించింది. "బ్యాగులన్నీ నాకివ్వండి. నేను బస్సులో వస్తా. మీ బండికి బరువూ తగ్గుతుంది, నా నడుమూ దక్కుతుంది." బావమరిది "అక్కా, అది కాదు" అంటుండగానే ఆవిడ పులిహోర డబ్బాతో సహా బస్టాండులో దిగింది.

బరువు తగ్గడం నిజంగానే పనికొచ్చింది. ట్యాంకు కూడా సగానికి వచ్చింది. డిండి ఇవతలి బడి దిబ్బ దగ్గర నేను దిగి, చెక్క పట్టుకుని నిలబడి, ఎదుటివాళ్లను ఆపాను. ఈసారి గొట్టం తగల్లేదు. పెద్దాయన కొట్టు దగ్గర టీ తాగుతుంటే ఫోను మోగింది. మా ఆవిడ. ఇంటికి చేరిపోయిందట, వచ్చేటప్పుడు పాల ప్యాకెట్టు తెమ్మంది.