అటక మీద నలభై మూడు డబ్బాలు

పోయిన ఆదివారం అటక దులిపాం. ఐస్‌క్రీమ్ డబ్బాలు, మిఠాయి డబ్బాలు, మూతలు పోయిన సీసాలు, లెక్కపెడితే నలభై మూడు! దాచింది మా అత్త అనుకునేరు, నేనే. పాత సామాన్లాయనకు వేసేశాం. మా ఆయన మాత్రం రెండు డబ్బాలు వెనక్కి తీసుకున్నాడు, మేకులకట.

అనంతపురంలో ఇల్లు నడపడమంటే ముందు నీళ్ల సంగతే. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే మంచి వాన కిందే లెక్క. అలాంటిది మా ఆర్ఓ మిషన్ ఒక బిందె మంచినీళ్లిచ్చి రెండు బిందెలు సింక్‌లోకి వదిలేస్తుంది. ఆ పైపును బకెట్లోకి పెట్టా. మొదట్లో తెలివి ఎక్కువై ఆ నీళ్లే కరివేపాకు చెట్టుకు పోశా. నెల తిరక్కుండా ఆకుల అంచులు మాడి, కుండీ మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. వడపోతలో మిగిలిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది మరి. ఇప్పుడు అవి ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్‌కే. చెట్టుకు బియ్యం కడిగిన నీళ్లు.

అంగళ్లలో 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ కవర్లు ఇవ్వకూడదని 2022 డిసెంబరు 31 నుంచే రూలు. అయినా అడక్కుండానే చేతిలో పెడతారు. ఉగ్గానికి బొరుగులు కొనడానికి పాత దిండు గలీబు పట్టుకుపోయా. అంగడాయన నవ్వి, "ఏమక్కా, పరుపు కూడా తెచ్చినావా?" అన్నాడు. బొరుగులు మాత్రం ఒక గుప్పెడు ఎక్కువే పోశాడు.