ఉందాస్ రోజు ఎవరూ తలుపు తియ్యలేదు

వంద పెసోలు అన్నాడు ట్రైసికిల్ అబ్బాయి.

రోజూ ఇద్దరం కలిపి ముప్పై ఇచ్చి వెళ్ళే దారి అది. ట్రైసికిల్ అంటే మోటార్ సైకిల్ పక్కన ఓ రేకు డబ్బా తగిలించి, అందులో మనుషుల్ని మడతపెట్టి కుక్కే బండి. మన షేర్ ఆటోకి తమ్ముడి వరస. "స్పెషల్ ట్రిప్, ఎల్డర్. ఉందాస్ కదా" అని పళ్ళికిలించాడు. ఉందాస్ అంటే ఫిలిప్పీన్స్‌లో చనిపోయినవాళ్ళని తలుచుకునే పండగ. పెసో అప్పట్లో దాదాపు రూపాయిన్నర. రెండు కిలోమీటర్లకి నూట యాభై రూపాయలన్నమాట. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి అమలాపురానికి ప్రైవేటు బస్సువాడు మూడు వేలు చెప్తే ఎలా ఒళ్ళు మండుతుందో అలాగే మండింది. జీప్నీ, అంటే జీపులాంటి అక్కడి చిన్న బస్సు, దాని ఛార్జీ కూడా మూడు వారాల క్రితమే పన్నెండు నుంచి పదమూడుకి పెరిగింది, ఆ కోపం ఇంకా నాలో ఉంది. "నడిచిపోదాం" అన్నాను. నా తోటి ఎల్డర్, అంటే నాతో జంటగా తిరిగే మిషనరీ, ఇలోకోస్ వైపు కుర్రాడు. ఇలోకానోలు చేతిలో పైసా జారనివ్వరని ఆ దేశమంతా జోకులేస్తారు. వాడు నేను అనకముందే నడక మొదలుపెట్టాడు.

అది 2023 నవంబరు 1, బుధవారం. ఊరు సాన్ పాబ్లో, మనీలాకి దక్షిణంగా లగూనా ప్రావిన్స్‌లో. ఊరి చుట్టుపక్కల ఏడు సరస్సులు, వాటి చుట్టూ కొబ్బరి తోటలు. వచ్చిన మొదటి వారం అంబాజీపేటలో తిరుగుతున్నట్టే అనిపించేది. బొండాం ధర అడిగితే మాత్రం పరాయి దేశమని గుర్తొచ్చేది.

నేనక్కడికి ఉద్యోగానికి వెళ్ళలేదు. మాది కడవరి దిన పరిశుద్ధుల సంఘం, మోర్మన్లు అంటే కొంతమందికి తెలుస్తుంది. నాన్న రాజమండ్రిలో పనిచేసేటప్పుడు అందులో చేరాడు. మా మామ్మ మాత్రం చివరిదాకా లూథరన్, "మీ కొత్త గుడి మీది, నా పాత గుడి నాది" అనేది. మా సంఘంలో కుర్రాళ్ళు రెండేళ్ళు మిషన్‌కి వెళ్తారు. ఎక్కడికో మనం అడగకూడదు, ఎక్కడికి పంపితే అక్కడికే. పొద్దున్న ఆరున్నరకి లేవాలి, చదువుకోవాలి, తెల్ల చొక్కా, టై, పేరు బిళ్ళ పెట్టుకుని రోడ్డెక్కాలి. ఎక్కడికెళ్ళినా ఇద్దరం కలిసే. ఇంటికి వీడియో కాల్ వారానికొక్కసారి, సోమవారం. పేరుకి బదులు అందరూ 'ఎల్డర్' అంటారు. ఇరవై ఒక్క ఏళ్ళ వాణ్ణి పెద్దాయనా అని పిలవడం మొదట్లో సిగ్గుగా ఉండేది.

తగాలోగ్ భాష మాత్రం నన్ను పెద్దగా ఏడిపించలేదు. ఎందుకంటే అందులో 'పో' ఉంది. పెద్దవాళ్ళతో మాట్లాడితే ప్రతి వాక్యంలో 'పో' పడాలి. అచ్చం మన 'అండి'. అవునండి అనడానికి 'ఓపో' అంటారు, మా గోదావరి వాళ్ళు 'ఆయ్' అన్నంత వినయంగా. చిక్కల్లా వరసలతోనే. 'తాతాయ్' అంటే నాన్న, 'నానాయ్' అంటే అమ్మ. మొదటి నెలలో ఒకావిడని పట్టుకుని, మీ తాత గారు ఏం చేస్తుంటారని మనసులో మన తెలుగు అర్థంతో అడిగి, ఆవిడ చెప్పిన వయసు విని బిత్తరపోయాను.

ఇంకో చిక్కు ఉంది. ఇండియా వాళ్ళని అక్కడ 'బుంబాయ్' అంటారు. బుంబాయ్ అంటే వాళ్ళ దృష్టిలో మోటార్ సైకిల్ మీద వచ్చి అప్పులిచ్చే మనిషి. ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి, అందుకే ఆ వ్యాపారం పేరే 'ఫైవ్ సిక్స్'. ఎక్కువమంది పంజాబీలు. రోజూ సాయంత్రం వసూలుకి వస్తారు. అన్నం తినని పిల్లల్ని బుంబాయ్ వచ్చి ఎత్తుకుపోతాడని భయపెడతారు కూడా, మనం బూచాడని చెప్పినట్టు. ఇక నేను తలుపు కొడితే లోపల ఏం జరుగుతుందో ఊహించుకోండి. టీవీ ఆగిపోయేది. కిటికీ తెర కదిలేది. ఓ చిన్న గొంతు, "అమ్మ ఇంట్లో లేదని చెప్పమంది" అని అరిచేది. నా తోటివాడు ముందుకొచ్చి, బాకీ కోసం కాదమ్మా, బైబిల్ కోసం అని చెప్తే గానీ గొళ్ళెం తీసేవారు కాదు.

ఆ బుధవారం మాత్రం నిజంగానే ఎవరూ లేరు. మా డైరీలో ఆరు ఇళ్ళు రాసుకున్నాం. ఆరింటికీ తాళాలు. వీధిలో కుక్కలు, రెండు రోజుల క్రితం అయిపోయిన బరంగాయ్ (మన వార్డు లాంటిది) ఎన్నికల పోస్టర్లు, మేము. నవంబరు ఒకటి, రెండు తేదీల్లో అక్కడ దేశం దేశమంతా శ్మశానాలకి కదులుతుంది. దానికే ఉందాస్ అని పేరు. మనీలాలో ఉన్నవాళ్ళు బస్టాండుల్లో రాత్రంతా నిలబడి మరీ సొంతూళ్ళు చేరతారు, చనిపోయినవాళ్ళ దగ్గర కూర్చోడానికి. ముందురోజు ఎవరైనా నాకు చెప్పారా అంటే, అందరూ చెప్పారు. మన సమాధుల పండగలాంటిదే, ఓ గంటలో కొవ్వొత్తి పెట్టి వచ్చేస్తారని నేనే అనుకున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి మా సంఘంలో ఉండే ఓ నానాయ్ ఫోన్ చేసింది. "అనక్, ఎండలో ఎందుకు తిరుగుతారు? ఊరంతా ఇక్కడే ఉంది, ఇక్కడికే రండి." అనక్ అంటే బిడ్డ. అలా బయల్దేరినప్పుడే ట్రైసికిల్ గొడవ.

శ్మశానం గేటు దగ్గర టేబుళ్ళేసి పోలీసులు సంచులు వెతుకుతున్నారు. మందు, పేకముక్కలు, కత్తులు, పెద్ద స్పీకర్లు లోపలికి పోనివ్వరు. లోపల తాగి కొట్టుకోకుండానట. ఆ జాబితా చూస్తేనే లోపలెంత హుషారుగా ఉంటుందో తెలిసిపోయింది. మా టైలు చూసి మమ్మల్ని వెతక్కుండానే పంపారు, అదొక్కటే ఆ రోజు మా డ్రెస్సు వల్ల కలిగిన లాభం. చామంతి గుత్తి ధర అడిగి కిందపెట్టేశాను. కొవ్వొత్తులు మాత్రం కొన్నాం.

లోపల జాతర. గుడారాలు, మడత కుర్చీలు, చాపలు, బిర్యానీ గిన్నెలంత గిన్నెలు. పలకరాళ్ళ మీద బట్ట పరిచి నూడుల్స్ వడ్డిస్తున్నారు. ఓ పెద్దాయన వాళ్ళావిడ సమాధికి ఆనుకుని గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

నానాయ్ భర్త ఉన్నది 'అపార్ట్‌మెంట్'లో. నిజంగా దాన్ని అలాగే అంటారు. నేల చాలక గోడలా సిమెంటు గూళ్ళు కట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చిన సమాధులు. ఆయనది కింద నుంచి నాలుగో వరస. పక్క కుటుంబం కుర్రాడు కింది గూళ్ళ అంచుల మీద కాళ్ళేసి, కొబ్బరిచెట్టెక్కినట్టు ఎక్కి మా కొవ్వొత్తి పెట్టాడు. "పైన గాలి బాగా తగుల్తుంది ఆయనకి" అంది నానాయ్. తర్వాత మామూలుగానే చెప్పింది, ఆ గూడు ఐదేళ్ళ అద్దెకి అని. ఆయన పోయింది 2019లో. వచ్చే ఏడాది మళ్ళీ డబ్బు కట్టాలి, లేకపోతే ఎముకలు సంచిలో కట్టి ఇచ్చేసి వేరేవాళ్ళకి ఇస్తారు. బతికున్నప్పుడు కూడా ఆయన అద్దె ఆలస్యంగానే కట్టేవాడని నవ్వింది.

తినడానికి బీకో తెచ్చింది. బంక బియ్యం, కొబ్బరిపాలు, బెల్లం కలిపి దగ్గరికి ఉడికించి వెదురు చాటలో ఆరబెట్టిన ముద్ద. మన చలిమిడికి, గట్టిపడిన పరమాన్నానికి మధ్య ఎక్కడో ఉంటుంది. కోద్దామంటే కత్తి గేటు దగ్గరే పోయింది. నానాయ్ పూలగుత్తికి కట్టిన దారం విప్పి, రెండు చివర్లూ వేళ్ళకి చుట్టుకుని చాట మీద అడ్డంగా లాగింది. మా మామ్మ ఉడకబెట్టిన గుడ్డు అలాగే కోసేది. తెగిన అంచు అద్దంలా నున్నగా వచ్చింది. కాఫీ ఇవ్వబోయి నాలిక కరుచుకుంది, మేము కాఫీ టీలు తాగకూడదు. సలబాత్ ఇచ్చింది, అంటే అల్లం కషాయం. జలుబు లేకుండా అల్లం కషాయం తాగడం నా జీవితంలో అదే మొదలు.

అక్కడికొచ్చాడు మైనం కుర్రాడు. ఏడెనిమిదేళ్ళుంటాయి. చేతిలో క్రికెట్ బంతికి రెండింతలున్న ముద్ద. సమాధుల మీద కారిన కొవ్వొత్తి మైనాన్ని పుల్లతో గీకి, వేడిగా ఉండగానే ముద్దకి అంటించి, అరచేతుల మధ్య తిప్పుతున్నాడు. తెలుపు మీద పసుపు, దాని మీద ఎరుపు, మధ్యలో కాలిన వత్తి ముక్కలు. ఉందాస్‌కి పిల్లలంతా చేసే పనే అది, ముద్దలు తూకానికి అమ్మేస్తారు. వాడి వేళ్ళ చివర్లు మైనంతో తొడుగులేసినట్టున్నాయి. మా కొవ్వొత్తి కిందకి ఎప్పుడు కారుతుందా అని పైకి చూస్తూ, నన్నడిగాడు, "కూయా, నీ వాళ్ళు ఎక్కడున్నారు?" కూయా అంటే అన్నయ్య.

ఇండియాలో అన్నాను, అమ్మానాన్నలనుకుని.

"కాదు, పోయినవాళ్ళు."

మామ్మ అయితే మా ఊళ్ళో కాలవ గట్టున ఉంది. ఏటా నవంబరు రెండుకి నాన్న సున్నం కొట్టిస్తాడు, అగరొత్తులు, బంతిపూలు, మామూలే. 2022 జులై గోదావరి వరదకి సిలువ సగందాకా ఒండ్రు పట్టింది, అది గోకినవాణ్ణి నేనే. కానీ నోట్లోంచి వచ్చింది వేరే మాట. "మా పెదనాన్న కువైట్‌లో."

పెదనాన్న పద్దెనిమిదేళ్ళు అక్కడో ఇంట్లో డ్రైవరు. 2020 జూన్‌లో కరోనాతో పోయాడు. విమానాల్లేవు, అక్కడే పూడ్చిపెట్టారు. ఆయన గదిలో ఉండేవాళ్ళెవరో నలభై సెకన్ల వీడియో పంపారు. ఇసుక, నలుగురు తెల్ల కవర్లు తొడుక్కున్నవాళ్ళు, అంతే. పెద్దమ్మ సమాధుల పండక్కి మామ్మ దగ్గరే ఆయన పేరున కూడా ఓ కొవ్వొత్తి పెట్టేస్తుంది. మా సంఘంలో చనిపోయిన పెద్దల పేర్లు, తేదీలు రాసిపెట్టుకోవడం పెద్ద పని. ఆ వివరాలు సాన్ పాబ్లోలో నేను ఎంతమంది చేత రాయించానో లెక్కలేదు. పెదనాన్న సమాధి ఎక్కడో, నంబరేంటో నేనెప్పుడూ అడగలేదు.

నానాయ్ మామధ్య మాట విని ఫోన్ తీసింది. వాళ్ళమ్మాయి కువైట్‌లోనే ఇంటిపనికి ఉంది. మా కోనసీమ ఆడవాళ్ళు ఖద్దామా వీసా అంటారే, అదే. ఆ ఏడాది మే నుంచి కువైట్ ఫిలిప్పీన్స్ వాళ్ళకి కొత్త వీసాలు ఆపేసింది. సెలవుకని వస్తే మళ్ళీ రానిస్తారో లేదోనని ఆ అమ్మాయి వాళ్ళ నాన్న ఉందాస్‌కి కూడా రాలేదు. వీడియోలో వంటగదిలో నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడింది. ముందు ఫోన్ పైకెత్తి వాళ్ళ నాన్న గూడు చూపించమంది. తర్వాత నానాయ్ ఫోన్ నా చేతికిచ్చేసింది.

"పేరు చెప్పండి. నంబరుంటే ఏదైనా శుక్రవారం వెళ్తాను. మేడమ్ వదిలితే."

పేరు చెప్పాను. నంబరు లేదన్నాను. ఎల్డర్‌గా ఉండి ఏడిస్తే బాగుండదని సలబాత్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. అల్లం ఘాటు కూడా పనికొచ్చింది.

చీకటి పడ్డాక తిరిగొచ్చాం, నడిచే. మర్నాటి సంగతి, ఆ తర్వాత సంగతి పెద్దగా గుర్తులేవు. సోమవారం కాల్‌లో అమ్మని అడిగాను. అమ్మ పెద్దమ్మని అడిగింది. పెద్దమ్మ ట్రంకు పెట్టెలో ఆ కాగితం ఉంది, అంతా అరబ్బీ. మా ఊళ్ళో గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళకి అంకెలు చదవడం వచ్చు గనక ఒకాయన చదివి పెట్టాడు. ఆ నంబరు నానాయ్‌కి, నానాయ్ నుంచి వాళ్ళమ్మాయికి వెళ్ళింది. క్రిస్మస్ ముందు నన్ను వేరే ఊరికి మార్చేశారు.

ఫోటో ఫిబ్రవరిలో వచ్చింది. ఇసుకలో చిన్న సిమెంటు పలక, దాని మీద అరబ్బీ అంకెలు. గాలికి ఆరిపోకుండా గాజు గ్లాసులో పెట్టిన కొవ్వొత్తి. పెద్దమ్మకి పంపాను. దాన్ని ప్రింట్ తీయించి ఫ్రేము కట్టించింది, ఇప్పుడు వాళ్ళింట్లో టీవీ పక్కన ఉంది.

అరబ్బీలో రెండుకీ మూడుకీ తలకాయ మీద ఒక్క పన్నే తేడా. మిషన్ అయిపోయి ఇంటికొచ్చాక ఆ ఫోటో, ఆ కాగితం పక్కపక్కన పెట్టి చూశాను. కాగితంలో చివరంకెకి పళ్ళు మూడున్నాయి. ఫోటోలో రెండే కనిపిస్తున్నాయి. ఒకటి ఇసుకలో ఉండొచ్చు. పెద్దమ్మకి చెప్పలేదు.